కడగొద్దన్న గోడ

పనసవలసకు ఏ ఇంటికి కొత్త కోడలు వచ్చినా, పసుపుబట్టలు మాసేలోగా అత్తగారు ఆ పిల్లను వెంటబెట్టుకొచ్చి రత్నాలు ఇల్లు చూపించేది. "సూడు, ఇల్లంటే ఇలాగుండాల" అనేది. పాపం ఆ కోడలికి ఆ రోజు నుంచీ రత్నాలంటే ఒళ్ళు మంట.

అనంతగిరి దాటాక అరకు రోడ్డు నుంచి కాస్త లోపలికి, కాఫీ తోటల అంచున ఉన్న సంత ఊరు అది. రత్నాలు మొగుడు సూర్యనారాయణది అక్కడ కిరాణా కొట్టు. ముందు కొట్టు, వెనక ఇల్లు. పైన పెంకు, చుట్టూ మట్టిగోడ, కింద మట్టినేల. ఆ మట్టినే రత్నాలు అద్దంలా ఉంచేది. వారం వారం నేల పేడతో అలికేది. గోడలు కాస్త వెలిసినట్టు కనిపిస్తే చాలు ఎర్రమన్ను పూసేది. గోడ అడుగున జానెడు వెడల్పున, గడ్డి కాల్చిన మసితో నల్లపట్టీ తీసేది. గిన్నెలకు పొయ్యిలో బూడిద, ఇత్తడికి చింతపండు, బట్టలకు కుంకుడు రసం, సాయంత్రమైతే దోమలకు వావిలాకు పొగ. మొగుడి కొట్లో సబ్బు బిళ్ళలూ ఫినాయిలు సీసాలూ వరసగా పేర్చి ఉండేవి. వాటిని ఊరందరికీ అమ్మేది గాని ఇంట్లోకి మాత్రం రానిచ్చేది కాదు.

"నీ సరుకు నువ్వే ముట్టవు. ఇంక ఊరోలు ఎలా కొంటారే?" అని సూర్యనారాయణ దెప్పేవాడు.

"కొన్నోల ముక్కులు మండుతాయి. నాకేటి?" అనేది.

నవ్వుతూనే అనేది గాని, ఈ శుభ్రం నవ్వులో పుట్టింది కాదు. పాచిపెంట కింది పల్లపు ఊరి నుంచి పెళ్ళై కొండమీదికి వచ్చిన రెండో వానాకాలంలోనే ఆవిడ తొలిచూలు కొడుకును చలిజ్వరం తీసుకుపోయింది. పిలిస్తే పలికే వయసైనా రాలేదు వాడికి. పరామర్శకు వచ్చిన ముసలమ్మల్లో ఎవరో, ఎవరన్నది ఆవిడకు చివరిదాకా తెలియలేదు, "ఇల్లు మాసుంటే జొరం దారి తెల్సుకుని వచ్చేత్తాది" అని గొణిగింది. ఆ మాట రత్నాలు చెవిలో పడింది, అక్కడే ఉండిపోయింది. కడుపుకోతలో ఉన్న మనిషికి చేతులకు ఏదో ఒక పని కావాలి. ఆవిడ చీపురు పట్టుకుంది, పేడ పట్టుకుంది, ఎర్రమన్ను పట్టుకుంది. ఆ తరవాత పుట్టిన పిల్లలు బతికారు. ఇంకేం కావాలి నమ్మకానికి? ఇల్లు శుభ్రంగా ఉన్నంత కాలం జ్వరం గడప దాటి రాదని ఆవిడ తన మనసులో రాసి పెట్టుకుంది.

ఎర్రమన్ను తెచ్చిపెట్టేది దేముడమ్మ. ఊరి పక్క వాగును గెడ్డ అంటారు, దాని అవతల కొండదొర గిరిజనుల వీధి ఆవిడది. మొగుడు సోంబరు కాఫీ తోటలో పనికి పోయేవాడు. మొదట్లో దేముడమ్మ తట్టెడు మన్ను దింపి, ఉప్పో మిరపకాయలో తీసుకుని పోయేది. మన్ను కలపడం రత్నాలుకు చేతకావడం లేదని చూసి ఒకనాడు కొంగు దోపుకుని తనే దిగింది. పేడ ఎక్కువైతే గోడ పగులుతుందనీ, మన్ను ఒక రోజు నానితేనే పట్టు వస్తుందనీ నేర్పింది. అప్పటి నుంచి ఈ ఇంట్లో గోడ పూసినా ఆ ఇంట్లో గోడ పూసినా ఇద్దరూ కలిసే. దేముడమ్మ ఆవిడను "సావుకారమ్మా" అనడం మాని అక్కను పిలిచినట్టు "అప్పా" అనడం కూడా ఆ గోడల దగ్గరే మొదలైంది.

కోడలు లావణ్య విజయనగరం పిల్ల. సిమెంటు గచ్చు మీద పెరిగింది. వచ్చీ రాగానే, "ఈ పేడ కంపులో ఎలా పడుకుంటాం అత్తయ్యా?" అంది.

"పడుకున్నాక కంపు తెల్దులే" అంది రత్నాలు.

ఆ కోడలి పురుడు దగ్గర మాత్రం ఆవిడ మాట చెల్లలేదు. నర్సమ్మ వచ్చి, పచ్చిగా అలికిన నేల చూసి తల పట్టుకుంది. పేడలో ఉండే పురుగు బొడ్డులోకి పోతే బిడ్డ బిర్రబిగిసిపోయి చనిపోతుందనీ, ఈ నేల మీద పురుడు పోయననీ గట్టిగా చెప్పింది. రత్నాలుకు కోపం వచ్చింది. అయినా ఊరికే కోప్పడి ఊరుకునే మనిషి కాదు. ఏ పురుగు, కంటికి కనపడుతుందా, ఎండితే చస్తుందా, ఆవుపేడలోనేనా గేదెపేడలోనూనా అని నర్సమ్మను అడిగి అడిగి విసిగించింది. చివరకు నవ్వారు మంచం వేసి, ఉడకబెట్టిన బట్టలు పరిచారు. ఆడపిల్ల పుట్టింది. వెన్నెల అని పేరు పెట్టారు. పిల్ల పాకే వయసు వచ్చేదాకా ఆ గది నేల అలకలేదు రత్నాలు. నర్సమ్మ మాట కోసం కాదు, పోయిన కొడుకు గుర్తొచ్చి.

ఆ పిల్లకు నాలుగేళ్ళు వచ్చిన ఏడు, అంటే 1999లో, వానలకు ముందు మలేరియా మందు కొట్టేవాళ్ళు ఊళ్ళోకి వచ్చారు. బకెట్లో మందు, దాంట్లో ఇత్తడి పంపు, ఒకడు పంపు కొడుతుంటే ఇంకొకడు గొట్టం పట్టుకుని గోడలకు చిమ్ముతాడు. వాళ్ళ పెద్ద అప్పారావు పల్లం మనిషి, ముఖానికి గుడ్డ కట్టుకుని అందరినీ తొందరపెడుతున్నాడు.

"అమ్మా, సామాన్లు బయట పెట్టండి. తిండిగిన్నెలు మూతెయ్యండి. బేగి, బేగి!"

"ఇంత బేగి ఏటి నాయినా? గోడలకి మందు ఎందుకు? జొరం మనిషికి కదా వచ్చేది?" అంది రత్నాలు.

"దోమలకమ్మా."

"దోమలు గాల్లో ఉంటే గోడకి కొడతావేటి?"

అప్పారావుకు ఇంకా చాలా ఇళ్ళున్నాయి. "అదంతా చెప్పడానికి కూర్చుంటే ఇక్కడే పొద్దుపోతాది మామ్మా. వానలు వెళ్ళేదాకా గోడలు మాత్రం కడగొద్దు. అంతే. కడిగితే మందు పోతాది."

వీధిలో ఆడవాళ్ళంతా ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. రత్నాలు ముందు నవ్వింది. ఆ తరవాత అందరూ నవ్వారు.

"ఓరి నీ ఇల్లు బంగారం గాను! మట్టిగోడని ఎవులైనా కడుగుతార్రా? కడిగితే గోడుంటాదేటి?" అంది రత్నాలు.

"నాను రోజూ కడిగి దండెం మీద ఆరేత్తాను" అంది దేముడమ్మ.

అప్పారావు కూడా నవ్వేసి పక్క ఇంటికి పోయాడు. ఆ సాయంత్రం దాకా వీధిలో అదే మాట. నీళ్ళు తోడుతున్నా, పొయ్యి రాజేస్తున్నా, "ఏటొదినా, గోడ కడిగీసావా?" అని ఒకరినొకరు పలకరించుకున్నారు.

మందు ఆరాక గోడలు చూస్తే నవ్వు పోయింది. ఎర్రటి గోడ మీద పైనుంచి కిందికి తెల్లటి చారలు, మచ్చలు. చెయ్యి వేస్తే పొడి అంటుతోంది. వాసన ఒకటి, గొంతులో పట్టుకుని వదలదు. దేముడమ్మ పిల్లి రెండు రోజులు ఒళ్ళు వణికి, పొయ్యి పక్కన కాళ్ళు చాచుకుని చచ్చిపోయింది. మందు పడిన బొద్దింకలు తిన్నదని కొందరూ, గోడకు ఒళ్ళు రాసుకుని నాకిందని కొందరూ అన్నారు. దేముడమ్మ పిల్లిని గెడ్డ ఒడ్డున పాతిపెట్టి వచ్చింది.

"పిల్లిని సంపిన మందు పిల్లలున్న ఇంట్లో ఏల అప్పా?" అని రత్నాలును అడిగింది.

రత్నాలుకూ అదే అనుమానం. వెన్నెల గోడకు ఆనుకుని ఆడుకునే పిల్ల, వేళ్ళు నోట్లో పెట్టుకునే పిల్ల. దానికి తోడు ఆ మచ్చల గోడ చూసినప్పుడల్లా ఆవిడకు ఊపిరాడేది కాదు. ఇల్లు మాసిపోయిందన్న మాట తిరిగి తిరిగి అదే చెవిలోకి వచ్చేది. ఆషాఢం వెళ్ళి శ్రావణం వస్తోంది. శ్రావణం పడకముందే పూత అయిపోవాలని దేముడమ్మ ఇంటికి పోయి, "ఒలే, నీ గోడలు తామర పట్టినట్టున్నాయే. సూడలేకపోతన్నాను. మన్ను తే" అంది.

"ఆ బాబు వానలెల్లేదాకా వద్దన్నాడు కదప్పా?"

"కడగొద్దన్నాడు. అలకొద్దన్నాడేటి? కడిగితే పోతాది. మనం పైన పూత్తాం. పోదు, లోపల అలాగే ఉంటాది. పిల్లల సేతికీ అంటదు."

ఇందులో తప్పేమీ కనపడలేదు దేముడమ్మకు. కనపడాల్సిన అవసరమూ లేదు. ఆ ఊళ్ళో కడగడం వేరు, అలకడం వేరు, పూయడం వేరు. గిన్నె కడుగుతారు, నేల అలుకుతారు, గోడ పూస్తారు. ఒకదాని మాట ఒకదానికి చెల్లదు. ఇద్దరూ కలిసి ముందు దేముడమ్మ ఇల్లు, తరవాత రత్నాలు ఇల్లు నున్నగా పూసేశారు. నల్లపట్టీ తీశారు. అది చూసి వీధంతా పూసుకుంది. రత్నాలు ఇల్లు ఎలా ఉంటే వీధి అలా ఉండాలి కదా. శ్రావణ శుక్రవారం నాటికి పనసవలస మళ్ళీ ఎర్రగా మెరిసింది.

ఆ వానల్లో జ్వరం ఇంటింటికీ వచ్చింది.

మొదట సంత రోజున ఇద్దరు పడ్డారన్నారు. తరవాత లెక్క పెట్టడం మానేశారు. వెన్నెలకు మధ్యాహ్నం చలి పుట్టింది. దుప్పట్లు కప్పినా వణుకు ఆగలేదు. మరునాటికి పిల్ల పిలిస్తే పలకడం లేదు, కళ్ళు తేలేస్తోంది. లావణ్య ఏడుస్తూ, "ఫినాయిలు వెయ్యనివ్వలేదు, ఏదీ వెయ్యనివ్వలేదు" అని అత్తగారిని తిట్టింది. రత్నాలు పిల్లను ఒళ్ళో వేసుకుని షేరు జీపులో ముందు సీట్లో కూర్చుంది. సోంబరుకు కూడా జ్వరమని తెలిసినా ఆ పూట అటు తొంగి చూడలేదు.

ఆసుపత్రిలో మంచాలు చాలక నేల మీద కూడా పడుకోబెట్టారు. పిల్ల వేలు పొడిచి గాజుపలక మీద రక్తం పూశారు. లోపల గదిలో ఒక కుర్రాడు భూతద్దం గొట్టంలోంచి చూస్తున్నాడు. రత్నాలు వెళ్ళి గుమ్మంలో నిలబడింది.

"ఏటి కనపడతాది బాబూ?"

అతను కసరబోయి, ఆవిడ మొహం చూసి ఆగాడు. పక్కకు జరిగి చూడమన్నాడు. లేత గులాబీ రంగు గుండ్రాల్లో సన్నటి ఉంగరాలు కనిపించాయి.

"అవే. మీ మనవరాలి రక్తంలో చాలా ఉన్నాయి. సూదిమందు మొదలుపెట్టారు. రేపటిదాకా చెప్పలేం."

"ఇవి ఎలాగొచ్చాయి? మా ఇల్లు శుభ్రంగా ఉంటాది బాబూ. మచ్చ ఉండదు."

"దోమలకు శుభ్రంతో పని లేదమ్మా. మీ ఊళ్ళో మందు కొట్టారా?"

"కొట్టారు."

"మరి అయితే ఇంత రాకూడదే." అతను మళ్ళీ గొట్టంలోకి చూస్తూ, పనిలో పనిగా చెప్పుకుపోయాడు. "రక్తం తాగిన దోమ బరువుకి ఎక్కువ దూరం ఎగరలేదు. దగ్గర్లో గోడ మీద వాలి కూర్చుంటుంది. గోడ మీద మందుంటే కాళ్ళకు అంటుకుని చస్తుంది. ఇంకొకరిని కుట్టడానికి మిగలదు. గోడలేమైనా అలికారా?"

 గోడ ఎందుకని అప్పారావును ఆవిడ అడిగిన ప్రశ్నకు జవాబు ఇన్నాళ్ళకు, ఈ గదిలో దొరికింది. అడిగిన రోజున ఎవరూ చెప్పలేదు. చెప్పకపోతే మళ్ళీ అడగాల్సింది. జన్మంతా అడుగుతూనే ఉన్న మనిషి ఆ ఒక్కసారీ నవ్వి ఊరుకుంది.

వెన్నెల తెల్లారాక కళ్ళు తెరిచింది. నీళ్ళడిగింది. లావణ్య అత్తగారి భుజం మీద తల పెట్టి ఏడ్చింది. రత్నాలు కళ్ళలో తడి లేదు. "సోంబరెలాగున్నాడు?" అని వచ్చిన వాళ్ళందరినీ అడుగుతోంది. సోంబరును డోలీ కట్టి మోసుకొస్తుండగా, గెడ్డ పొంగి ఒడ్డునే ఆగిపోయారు. నీళ్ళు తగ్గేలోగా అతను పోయాడు.

పిల్లతో ఇల్లు చేరాక రత్నాలు గెడ్డ దాటి వెళ్ళింది. దేముడమ్మ గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. ఇద్దరు పిల్లలు ఆవిడ చెరో పక్కా నిద్రపోతున్నారు. ఆవిడ వీపు వెనక గోడ నున్నగా, ఎర్రగా, మచ్చ లేకుండా ఉంది. ఎవరు చేసిన పూత ఎంతవరకో రత్నాలుకు చెయ్యి తీరు చూసి తెలుస్తోంది. దేముడమ్మ మొగుడు పడుకునే చోట తల వైపు గోడ తన చేతి పూత. చెప్పాలని వెళ్ళింది. చెప్పలేకపోయింది. కూర్చుని, లేచి వచ్చేసింది.

ఆ ఏడాది రత్నాలు గోడ జోలికి పోలేదు. నేల అలుకుతూనే ఉంది, గిన్నెలు బూడిదతో తోముతూనే ఉంది. గోడలు వెలిశాయి, నల్లపట్టీ చెదిరింది. కొత్త కోడళ్ళను తీసుకొచ్చి చూపించడం ఆగిపోయింది. "సావుకారమ్మకి బద్దకం వచ్చీసినాది" అనుకున్నారు. లావణ్య పెరటి మరుగుదొడ్డికి ఫినాయిలు తెచ్చుకుంది. రత్నాలు వద్దనలేదు. మూత గట్టిగా బిగించమనీ, పిల్లకు అందనంత ఎత్తున పెట్టమనీ మాత్రం చెప్పింది.

తరవాతి వానలకు ముందు అప్పారావు మళ్ళీ వచ్చాడు. ఈసారి రత్నాలు సామాన్లు తనే బయట పెట్టింది. పిల్లలను, కోళ్ళను గెడ్డ వైపు తోలించింది. పొడి రాలినది ఊడ్చి గొయ్యిలో పాతమని ఇంటింటికీ చెప్పింది. పని అయ్యాక అతన్ని నిలబెట్టింది.

"కడగొద్దని సెప్పకు నాయినా. అలకొద్దని సెప్పు. పుయ్యొద్దని సెప్పు."

"అదే కదమ్మా నేనూ అనేది?" అన్నాడు అప్పారావు.

"కాదు" అంది రత్నాలు.  అతని వెనకే ఇల్లిల్లూ తిరిగి, తనే చెప్పుకుంటూ పోయింది. కొందరు విన్నారు. కొందరు, "నీ ఇల్లు మాపీసుకున్నావు, మా ఇళ్ళు కూడానేటి?" అన్నారు. ఆవిడ గోడలు చూపించి మాట్లాడే రోజులు పోయాయి. అయినా తిరిగింది.

సోంబరు ఏడాది దినం దగ్గర పడింది. ఆ దినానికి ముందు ఇల్లంతా అలికి, పూసి ఉంచాలి. మాసిన ఇంటికి పోయినవాడు రాడు. వచ్చి తిని పోకపోతే పిల్లలకు మంచిది కాదు. అది వాళ్ళ నమ్మకం. రత్నాలు వెళ్ళేసరికి దేముడమ్మ వాకిట్లో మన్ను కలుపుతోంది. సోంబరు తమ్ముడు గాసి అరుగు మీద కూర్చుని అడ్డాకులతో విస్తళ్ళు కుడుతున్నాడు.

"లోపలి గోడ పుయ్యకే" అంది రత్నాలు.

దేముడమ్మ చెయ్యి ఆగింది.

"ఏల?"

రత్నాలు వాకిట్లోనే కూలబడింది. గాజుపలక మీద చూసిన ఉంగరాల నుంచి మొదలుపెట్టి, దోమ గోడ మీద ఎందుకు వాలుతుందో, మందు మీద మన్ను పూస్తే ఏమవుతుందో అంతా చెప్పింది. "నాకూ తెల్దే. కడగొద్దన్నాడు, అలకొద్దన్లేదని నానే నీకు సెప్పినాను. నీ పెనిమిటి తలకాడ గోడ నా సేత్తోనే పూసినాను."

గాసి చేతిలో ఆకు అలాగే ఉండిపోయింది.  దేముడమ్మ కలిపిన మన్నునే పిసుకుతూ ఉంది.

"మందు నా పిల్లిని సంపీసింది" అంది చివరకు. "మందు లేక నా మొగుడు పోనాడు. నానేటి సెయ్యాలి అప్పా? నువ్వే సెప్పు."

 "పిల్లలు ఆ గోడ పక్కనే పడుకుంటారే" అంది రత్నాలు.

"మచ్చల గోడలుంటే అన్న రాడు" అన్నాడు గాసి. "పుయ్యాల్సిందే వదినా."

దేముడమ్మ లేచి లోపలికి వెళ్ళింది. తెల్లచారల గోడ ముందు నిలబడింది. చిన్నవాడి చాప ఆ గోడకు చేర్చే వేసి ఉంది. దాన్ని మడతపెట్టి కాస్త ఇవతలికి జరిపింది, వాడి చెయ్యి గోడకు అందకుండా. బయటికి వచ్చి మన్ను తట్ట ఎత్తుకుని ఇంటి వెనక్కి నడిచింది. బయటి గోడ పూయడం మొదలుపెట్టింది.

"వదినా!" అన్నాడు గాసి.

"లోపల వద్దు. మీ అన్నకి బయట పెడదాం, అరుగు మీద. బతికున్నన్నాళ్ళూ ఆడు లోపల కూకుని ఎప్పుడు తిన్నాడు గనక?"

గాసి మళ్ళీ అడ్డాకులు చేతిలోకి తీసుకున్నాడు. రత్నాలు చీర దోపుకుని తట్టలో చెయ్యి పెట్టబోయింది. దేముడమ్మ తట్టను పక్కకు లాక్కుంది. విసురుగా కాదు. "ఈ గోడ నానొక్కద్దాన్నే పూసుకుంటాను" అంది. రత్నాలు చెయ్యి వెనక్కి తీసుకుంది. ఇంటికీ పోలేదు. గెడ్డ నుంచి నీళ్ళు తెచ్చి తెచ్చి పోసింది. వాటిని దేముడమ్మ వద్దనలేదు.

దినం రోజున అరుగు మీద అలికిన చోట సోంబరుకు ఆకు వేశారు. అన్నం, కూర, దొన్నెడు కల్లు పెట్టి అందరూ దూరంగా జరిగారు. సన్నగా వాన పడుతోంది. గాసి కొండ వైపు తిరిగి అన్నను పేరు పెట్టి పిలిచాడు, గొంతు బొంగురుపోయేదాకా పిలిచాడు. పిల్లలు గుమ్మంలో నిలబడి చూశారు. తరవాత అందరికీ ఆకులు వేశారు. దేముడమ్మ ఒక ఆకు తెచ్చి రత్నాలు ముందు వేసి, తనే వడ్డించి వెళ్ళిపోయింది. రత్నాలు తల వంచుకుని, ఒక్క మెతుకు మిగల్చకుండా తిన్నది.